అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెప్పాలా?

కూకట్‌పల్లిలో కోచింగ్ క్లాసు అయ్యాక రాత్రి తొమ్మిదిన్నరకి ఒక అమ్మాయి షేర్ ఆటో ఎక్కిందనుకుందాం. మిగతావాళ్లంతా దారిలో దిగిపోయారు. డ్రైవరు మెయిన్ రోడ్డు వదిలేసి బండిని ఒక సందులోకి తిప్పాడు. ఎక్కడికని అడిగితే పలకలేదు. వీధి దీపం లేని చోట ఆపి, అద్దంలోంచి ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. ఆమె గట్టిగా కేక వేసేసరికి, "ఎందుకమ్మా అంత భయం, షార్ట్‌కట్‌లో తీసుకెళ్తున్నా" అని నవ్వి, హాస్టల్ దగ్గర దింపి, ఫోన్‌పేలో ముప్పై రూపాయలు వేయించుకుని వెళ్లిపోయాడు. ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు. చెడ్డ మాట అనలేదు. రూమ్మేటుకి చెబితే "ఏం కాలేదుగా, వదిలెయ్" అంది. నాలుగు నెలలు గడిచాయి. ఇప్పుడు ఆ చుట్టుపక్కలే ఎవరో ఆటో డ్రైవర్ని పోలీసులు పట్టుకున్నారని పేపర్లో చిన్న వార్త చూసింది. వాడూ వీడూ ఒకడేనా? తెలియదు. అప్పుడే చెప్పి ఉంటే? అదీ తెలియదు. ఆ రోజు నుంచి ఆమెకి కంటి మీద కునుకు లేదు.

ఇలాంటి జ్ఞాపకం ఒకటైనా లేనివాళ్లు తక్కువ. చిన్నప్పుడు ట్యూషన్ మాస్టారు అందరినీ పంపేసి ఒక్కరినే ఉంచిన సాయంత్రం, అద్దె ఇంటి ఓనరు చెప్పాపెట్టకుండా తాళం తీసుకుని లోపలికొచ్చిన రోజు, నెల రోజుల పాటు బస్టాపులో అదే మనిషి, అదే బైకు. మగవాళ్లకీ ఇలాంటివి ఉంటాయి. వాళ్లు ఇంకా తక్కువ చెబుతారు. జరిగింది ఇదీ అని చెప్పబోతే నాలుగు వాక్యాలు కూడా రావు, మనసులోంచి మాత్రం పోదు. ఇప్పుడు పోలీసులకు చెప్పాలా వద్దా అని తేల్చుకోలేక నలిగిపోతున్నవాళ్ల కోసమే ఈ అధ్యాయం.

తీర్పు చెప్పడం మీ పని కాదు

మనల్ని ఆపేసే మొదటి ప్రశ్న "అసలిది నేరమేనా?" అన్నది. ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా స్టేషన్ మెట్లు ఎక్కకూడదని మనకు మనమే నియమం పెట్టుకుంటాం. మనం లాయర్లం కాదు, జవాబు దొరకదు, అక్కడే ఆగిపోతాం. నా మాట వినండి, ఆ బరువు దించేయండి. ఏం చూశారో, ఏం విన్నారో, మీకేం జరిగిందో చెప్పడం వరకే మీ పని. అది ఏ సెక్షన్ కిందికి వస్తుందో, అసలు వస్తుందో రాదో చూడాల్సింది పోలీసులు, ఆ తర్వాత కోర్టు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. ఇచ్చిన సమాచారంలో పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన నేరం కనిపిస్తే ఎఫ్ఐఆర్ రాయడం తప్పనిసరి అని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. సాక్ష్యాలన్నీ పోగు చేసుకుని రమ్మని ఆ తీర్పు ఎక్కడా అనలేదు. ఆటోలో కూర్చున్న మనిషిని ఆమె ఇష్టానికి విరుద్ధంగా మరో దారిలో తీసుకెళ్లి ఆపడం అక్రమంగా అడ్డగించడమో, నిర్బంధించడమో కావచ్చు. వద్దన్నా వెంటపడటం 2013 నుంచీ నేరమే. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. ఒంటి మీద చెయ్యి పడలేదు కాబట్టి నేరం కాదు అనే లెక్క చట్టానిది కాదు, మన పెద్దవాళ్లది.

రెండో భయం, "నేను పొరబడి ఉంటే? నా వల్ల ఒక అమాయకుడు ఇరుక్కుంటే?" ఈ భయం మంచి మనసులోంచి వచ్చేది. దాన్ని కొట్టిపారేయను. అబద్ధమని తెలిసీ పోలీసులకు సమాచారం ఇవ్వడం, ఒకరికి హాని చేయాలని తప్పుడు కేసు పెట్టడం నేరాలే. న్యాయ సంహితలో 217, 248 సెక్షన్లు వాటి కోసమే ఉన్నాయి. కానీ ఆ రెండింటికీ ఆయువుపట్టు 'తెలిసీ' అన్నది. నిజమని నమ్మి చెప్పి, తర్వాత అది తప్పని తేలితే అది నేరం కాదు. మీరు చేయాల్సిందల్లా చూసినదాన్ని చూసినట్టు, ఊహించినదాన్ని ఊహగా చెప్పడం. "పేపర్లో పడినవాడు వీడే" అని ఆ అమ్మాయి అనకూడదు. "ఫలానా తేదీన నాకిలా జరిగింది, ఆ వార్త చూశాక చెప్పాలనిపించింది" అనాలి. ఈ తేడా పాటిస్తే మీ మనస్సాక్షీ తేలికవుతుంది, ఎదుటి మనిషికీ అన్యాయం జరగదు.

ఎవరితోనూ మాట్లాడకముందు రాయండి

చెప్పాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు కాగితం తీసుకోండి. ఈ ఒక్క పని మాత్రం ఏ నిర్ణయం కోసమూ ఆగక్కర్లేదు.

జ్ఞాపకం ఎంత మెత్తగా ఉంటుందో మనకు తెలియదు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. కొందరిని 'తగిలినప్పుడు' అనే మాటతో, కొందరిని 'గుద్దుకుని నుజ్జయినప్పుడు' లాంటి మాటతో అడిగారు. రెండో రకం మాట విన్నవాళ్లు ఎక్కువ వేగం చెప్పారు. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అని అడిగితే, లేని అద్దాన్ని చూశామన్నవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. ఒక్క మాట మారితేనే ఇంత. అక్క ఒక మాట, స్నేహితురాలు ఒక మాట, ఇంకా పేపర్లోని ఫొటో కలిసి మీ జ్ఞాపకాన్ని ఏం చేస్తాయో ఆలోచించండి. అందుకే మాట్లాడకముందే రాయమంటున్నాను. ఇప్పటికే పదిమందికి చెప్పేసి ఉంటే దిగులు పడకండి. ఎవరికి ఎప్పుడు చెప్పారో అదీ రాయండి. ఆ రాత్రే రూమ్మేటుకి చెప్పడం రేపు మీకు బలమే అవుతుంది.

అందంగా రాయనక్కర్లేదు. 'దుర్మార్గుడు', 'కామాంధుడు' లాంటి మాటలు వద్దు. బండి రంగు, గొంతు, యాస, అతను అన్న మాటలు గుర్తున్నంతవరకు ఉన్నదున్నట్టు రాయండి. గుర్తు లేనిచోట 'గుర్తు లేదు' అని రాయండి. ఆ రెండు మాటలకు సిగ్గుపడొద్దు, మిగతా కాగితాన్ని నమ్మించేవి అవే. ఖాళీల్ని ఊహతో పూడిస్తే, రేపు కోర్టులో ఒక్క ఖాళీ బయటపడినా మొత్తం కూలుతుంది.

తేదీ గుర్తు లేకపోతే పక్కదారిన వెతకండి. దసరా సెలవులకు ముందా, తర్వాతా? అప్పుడు ఏ పరీక్ష జరుగుతోంది? ఆ రోజు ఇంటికి ఫోన్ చేశారా? ఫోన్‌పే, గూగుల్‌పే లెక్కల్లో రోజు, నిమిషంతో సహా ఉంటుంది, డబ్బు ఎవరి ఖాతాకు వెళ్లిందో కూడా ఉంటుంది. మన అమ్మాయి విషయంలో ఆ ముప్పై రూపాయలే ఆ మనిషి దాకా తీసుకెళ్లే దారి. క్యాబ్ బుక్ చేసుకుంటే యాప్‌లో ట్రిప్ వివరాలుంటాయి. మెసేజ్‌లు వస్తే అసహ్యమేసినా తుడిచేయకండి. స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టి అసలు చాట్ పోగొట్టుకోవద్దు. సీసీ కెమెరాల్లో పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కిపోతూ ఉంటాయి, కొన్ని వారాలు దాటితే దొరకడం కష్టం. కాల్ వివరాలను టెలికాం కంపెనీలు కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరులో నిబంధన మార్చారు. కాబట్టి నాలుగు నెలలైంది, అంతా పోయిందనుకోకండి. కొన్ని పోతాయి, కొన్ని ఉంటాయి.

ఆలస్యమైంది కదా

అయింది. అందుకు చట్టం తలుపు మూసేసిందా? చాలాసార్లు లేదు.

కేసు విచారణకు తీసుకోవడానికి కోర్టులకు కాలపరిమితి ఉంది, అది శిక్షను బట్టి ఉంటుంది. జరిమానా మాత్రమే ఉన్న నేరానికి ఆరు నెలలు, ఏడాది వరకు జైలు ఉన్నదానికి ఏడాది, ఏడాది నుంచి మూడేళ్ల వరకు జైలు ఉన్నదానికి మూడేళ్లు. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు గడువే లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 514వ సెక్షన్. అసభ్యంగా మాట్లాడటం వంటివాటిలో కొన్ని ఏడాది లెక్కలోకి వస్తాయి, మొదటిసారి వెంటపడటం మూడేళ్ల లెక్కలోకి వస్తుంది. అవమానించే ఉద్దేశంతో స్త్రీపై చెయ్యి వేయడానికి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది కాబట్టి దానికి గడువు లేదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చేసింది ఎవరో తెలియనప్పుడు, ఆ మనిషి ఎవరో తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. గడువు దాటినా న్యాయం కోసం అవసరమనుకుంటే కోర్టు ఆలస్యాన్ని మన్నించవచ్చు. జరిగింది 2024 జూలై 1కి ముందైతే నేరానికి పాత ఐపీసీ సెక్షన్లే పెడతారు. అది వాళ్లు చూసుకుంటారు, మీరు తేదీ సరిగ్గా చెబితే చాలు.

అయితే గడువు ఉండటం వేరు, కోర్టు నమ్మడం వేరు. ఇక్కడ తీపి కబుర్లు చెప్పను. ఆలస్యమైన ఫిర్యాదులో కల్పితాలు చేరే ప్రమాదముందని 1972లోనే సుప్రీంకోర్టు ఒక తమిళనాడు కేసులో హెచ్చరించింది. అవతలి లాయరు మొదట పట్టుకునేది అదే. లైంగిక నేరాల్లో మాత్రం పరువు, భయం, కుటుంబం ఆలోచించుకోవడానికి పట్టే సమయాన్ని కోర్టులు అర్థం చేసుకోవాలని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది. ఆలస్యానికి కారణం చెబితే చాలు, అది గొప్ప కారణం కానక్కర్లేదు. "భయపడ్డాను. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారనుకున్నాను. ఎవరూ నమ్మరనుకున్నాను." నిజం ఇదే అయితే ఇదే రాయండి. కారణాన్ని దాచి కథ అల్లితే ఆ కథే మిమ్మల్ని ముంచుతుంది.

పిల్లల సంగతి వేరు

పైన చెప్పిందంతా మీ ఇష్టాయిష్టాల మీద నడిచేది. ఒక్కచోట మాత్రం ఇష్టం ప్రసక్తి లేదు. పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని మీకు తెలిస్తే, జరగవచ్చని అనుమానమున్నా, చెప్పి తీరాలి. 2012 నాటి పోక్సో చట్టంలో 19వ సెక్షన్ అందరికీ పెట్టిన బాధ్యత అది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. నిజాయితీగా చెప్పినవారికి చట్టం రక్షణ కూడా ఇస్తుంది. చెప్పాల్సింది పోలీసులకు, సాయం కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు.

చిన్నతనంలో మీకే జరిగి, ఇప్పుడు మీకు ముప్పయ్యేళ్లయితే? పోక్సో కింద ఫిర్యాదుకు వయసు అడ్డం కాదని 2018లో కేంద్ర న్యాయశాఖ స్పష్టం చేసింది. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2012 నవంబరు 14న. అంతకు ముందు జరిగినవాటికి ఐపీసీ వర్తిస్తుంది, అప్పుడు గడువు నేరం తీవ్రతను బట్టి ఉంటుంది. అయితే నేను మిమ్మల్ని అడిగేది ముందు వేరొకటి. ఆ ట్యూషన్ మాస్టారు ఇప్పటికీ పాఠాలు చెబుతున్నాడా? ఆ బంధువు ఇంటికి ఇప్పటికీ పిల్లలు వెళ్తున్నారా? జవాబు అవునైతే మీరు మోస్తున్నది పాత సంగతి కాదు, ఈ రోజు సంగతి.

తేల్చుకోవడం

ఇంట్లోవాళ్లు మూడు మాటలు అంటారు. పరువు పోతుంది, కోర్టుల చుట్టూ తిరగాలి, పెళ్లి కావాల్సిన పిల్లవి. మూడింట్లో రెండోదానిలోనే నిజముంది. కేసంటే ఏళ్లు పడుతుంది. మళ్లీ మళ్లీ చెప్పాలి, అవతలి లాయరు అడిగే ప్రశ్నలు గుచ్చుకుంటాయి. దానికి మీ దగ్గర ఈ సంవత్సరం శక్తి ఉందా, ఉద్యోగం, చదువు, ఒళ్లో బిడ్డ, ఏ పరిస్థితిలో ఉన్నారు, ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. ఈ ప్రశ్నలు వేసుకున్నంత మాత్రాన పిరికివాళ్లు కారు.

నా మొగ్గు ఎటో చెప్పేస్తాను. ఆ మనిషి చేతిలో ఇప్పటికీ ఇతరుల భద్రత ఉంటే, అంటే అతను బండి నడిపేవాడో, హాస్టల్ వార్డెనో, మాస్టారో, డాక్టరో అయితే, చెప్పమంటాను. మీ ఇల్లు, ఫోన్ నంబరు అతనికి తెలిసి, మీరు ఇప్పటికీ దారి మార్చుకుని నడుస్తుంటే చెప్పమంటాను. అతను ఎవరో, ఎక్కడున్నాడో తెలియకపోయినా తేదీ, చోటు గట్టిగా చెప్పగలిగితే, సమాచారంగానైనా ఇవ్వమంటాను. అదే చోట ముగ్గురు వేర్వేరుగా చెప్పిన మూడు చిన్న సంగతులు ఒకే టేబుల్ మీదికి వస్తే పోలీసులకు ఒక మనిషి కనిపించవచ్చు, విడివిడిగా ఉంటే ఎవరికీ ఏమీ కనిపించదు. కానీ "నేను చెప్పకపోతే తర్వాత జరిగేదానికంతా నేనే కారణం" అన్న అపరాధ భావమొక్కటే మిమ్మల్ని తోస్తుంటే కాస్త ఆగండి. చేసినవాడి నేరాన్ని మీ పద్దులో రాసుకోకండి. ఆ భారంతో వెళ్లినవాళ్లు మొదటి కటువైన ప్రశ్నకే కుప్పకూలతారు. నిద్ర, తిండి పాడైతే ముందు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416కి, ఫోన్ చేయండి, అందులో తెలుగులో మాట్లాడతారు.

పోలీసులకు చెప్పడమంటే కేసు పెట్టడమేనని చాలామంది అనుకుంటారు. మధ్యలో మెట్లున్నాయి. తెలంగాణలో 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలైన షీ టీమ్స్ అనే మహిళా భద్రతా పోలీసు బృందాలకు వాట్సాప్‌లో కూడా రాయవచ్చు, అక్కడికి వచ్చేవన్నీ ఎఫ్ఐఆర్‌లు కావు. హైదరాబాదు భరోసా కేంద్రంలో పోలీసు, కౌన్సెలింగ్, న్యాయ సలహా ఒకేచోట ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటివే శక్తి టీమ్‌లు, శక్తి యాప్ ఉన్నాయి. జిల్లాల్లో సఖి కేంద్రాలకు వెళ్లవచ్చు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు. ఆన్‌లైన్ వేధింపులకైతే 1930. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుంది, నంబరు 15100. స్టేషన్‌కి వెళ్లేముందు ఆ లాయరుతో అరగంట మాట్లాడటం మంచిది. ఈ నిమిషంలో ఎవరైనా వెంటపడుతుంటే ఇవేవీ వద్దు, 112 నొక్కండి.

వెళ్లినరోజు

ఒంటరిగా వెళ్లకండి. తోడు వచ్చేవాళ్లు మీ బదులు మాట్లాడేవాళ్లు కాకూడదు. నాన్న కోపంతో ఊగిపోతుంటే ఆయన బయట కూర్చుంటే మేలు. పగటిపూట వెళ్లండి, మహిళా హెల్ప్ డెస్క్ అడగండి. లైంగిక నేరాల్లో బాధితురాలి మాటను మహిళా పోలీసు గానీ మరో మహిళా అధికారి గానీ రాసుకోవాలి.

"మా పరిధి కాదు" అంటారేమో. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ డాక్టరు కనిపించకుండా పోయిన రాత్రి, కుటుంబం ఫిర్యాదు తీసుకోవడంలో జరిగిన జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఆ ఘటన తర్వాతే మన రెండు రాష్ట్రాల్లో జీరో ఎఫ్ఐఆర్ అందరి నోటా వినిపించింది. ఇప్పుడు అది చట్టంలోనే ఉంది. నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేసి, ఆ తర్వాత ఎఫ్ఐఆర్ రాసే వెసులుబాటు పోలీసులకుంది. కాబట్టి అక్కడికక్కడే ఎఫ్ఐఆర్ కాకపోతే ప్రతిసారీ అది తిరస్కారమే అనుకోవద్దు, విచారణ మొదలుపెట్టారా అని అడగండి.

స్టేషన్ రైటర్ మీ మాటల్ని తన ధోరణిలో రాస్తాడు. మీరు 'చూస్తూ కూర్చున్నాడు' అంటే అక్కడ 'అసభ్యంగా ప్రవర్తించాడు' అని పడుతుంది. సంతకానికి ముందు చదివించుకోండి, తేడా ఉంటే మార్చమనండి. పిటిషన్ ఇచ్చి రసీదు తీసుకోవడం వేరు, ఎఫ్ఐఆర్ కాపీ వేరు. ఎఫ్ఐఆర్ అయితే కాపీ ఉచితంగా ఇవ్వాలి, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో తెలియజేయాలి. తీసుకోనంటే అదే ఫిర్యాదును ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి, కమిషనరేట్ పరిధిలోనైతే డీసీపీకి పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. "ఎందుకమ్మా గొడవ, పిలిచి మందలిస్తాం" అంటే అది మీకు సమ్మతమైతేనే ఒప్పుకోండి. కొందరికి కావాల్సింది అంతే, అందులో తప్పు లేదు. ఇష్టం లేకపోతే రాజీ కాగితం మీద సంతకం పెట్టకండి.

వెళ్లొచ్చాక ఏమీ జరగకపోవచ్చు. మనిషి దొరక్కపోవచ్చు, సాక్ష్యం చాలలేదని కేసు మూయవచ్చు. మూసేస్తే ఆ నివేదిక మీద అభ్యంతరం చెప్పుకునే అవకాశం కోర్టు మీకివ్వాలి, నోటీసు వస్తే పక్కన పడేయకండి.

వెళ్లకూడదని తేల్చుకున్నవాళ్లు కూడా రాసిన కాగితం చింపొద్దు. కింద ఈ రోజు తేదీ వేసి సంతకం పెట్టండి, ఒక ఫొటో తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి. నమ్మకమైన ఒక్క మనిషికి అది ఎక్కడుందో చెప్పండి. మీ సంగతి ఏడాది గడువులోదో, మూడేళ్ల గడువులోదో లాయరుని అడిగి, ఆ తేదీకి రెండు నెలల ముందు ఫోన్ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజున మళ్లీ చదివి, అప్పటి మీ పరిస్థితిని బట్టి మళ్లీ నిర్ణయించుకోవచ్చు.